టికెట్ లేని గ్రాఫిక్స్ కార్డు

నాంపల్లి స్టేషన్ రోడ్డు, 2002. మొదటి అంతస్తులో, విడిభాగాలు కలిపి కంప్యూటర్లు చేసిచ్చే చిన్న దుకాణం. కౌంటర్‌కు ఇవతల డెన్నిస్, అవతల యజమాని కిషన్.

“ఒక్క మాట మాత్రం నోట్లకెల్లి రావద్దు కిషనన్నా. ‘ఆట’ అనొద్దు. ‘గేమ్’ అసలే అనొద్దు.”

“మరి ఏమనాలె తమ్మీ?”

“‘ప్రాజెక్ట్’ అను.”

“గా గోడ మీద పోస్టర్ల తుపాకి పట్టుకోని ఒకడు నిలవడ్డడు. వాన్ని కూడ ప్రాజెక్ట్ అనాల్నా?”

“చింపెయ్ అన్నా.”

“గాడ గోడ పెచ్చు ఊడింది. కప్పనీకి పెట్టిన. ఉండు, మీద క్యాలెండర్ తగిలిస్త. లక్ష్మీదేవిది ఉన్నది. మీరు చర్చికి పోయేటోళ్లు గద, మీ డాడీకి నడుస్తదా?”

“తుపాకి కంటె నయమే. జల్ది తగిలియ్. కింద స్కూటర్ పెట్టనీకి జాగ చూస్తుండు, ఇప్పుడొస్తడు.”

“నువ్వు ఊకె ఫికర్ చేస్తున్నవ్. నీ బడ్జెట్‌ల పట్టియ్యనీకి ఎంత మగజ్‌మారి చేసిన! క్యాబినెట్ అంటవా, రేకు డబ్బ. మానిటర్ ఏదో ఆఫీసోళ్లు తీసేసిన పాతది. ప్రాసెసర్ ఒక మెట్టు దించిన. స్పీకర్లు చింతగింజలంత. పవర్ సప్లై ఒక్కటే మంచిది పెట్టిన, దాని కాడ కక్కుర్తి పడితే ఇంట్ల దీపావళే. మిగిలిందంత కార్డుల వోసిన. గ్రాఫిక్స్ కార్డు చూస్తె రాజుగారిది, తక్కినయన్ని పనోళ్లయి.”

“ఆ కార్డే నా పానం అన్నా. అది లేకుంటె బొమ్మ ఎడ్లబండి లెక్క నడుస్తది. అబిడ్స్ గల్లీల కెఫేల గదే అయితున్నది. నేను తుపాకి ఎత్తేలోపట అవతలోడు నన్ను కాల్చి, చాయ్ తాగి, చిల్లర తీస్కోని వస్తడు. మా జట్టోళ్లు చెప్పేసిన్రు, ఇంట్ల ప్రాక్టీస్ లేకుంటె కాలేజీ పోటీలకు నా జాగల ఇంకొకన్ని తీస్కుంటరట.”

“అయితె డాడీకి సీదా చెప్పరాదు?”

“మా డాడీ ఎవరో తెల్సా? దేవకుమార్. రైల్వేల టీసీ.”

“టీసీయా? ఏ లైన్?”

“గిదే. నాంపల్లికెల్లి తాండూరు దాక. ఏమైందన్నా, మొఖం గట్ల పెట్టినవ్?”

“ఏం లేదు. చెప్పు, చెప్పు.”

“అబద్ధం వాసన పడ్తడన్నా. బజార్ల పండిన టమాటలు కొననీకి రాదు, ఎప్పుడు చూడు కాయలే తెస్తడు, మమ్మీతోని తిట్లు తింటడు. గని అబద్ధం అంటె ఇడువడు. ఒకసారి ఒకడు పెండ్లికొడుకు ఏశంల రైలెక్కిండట. బాసింగం, దండ, అన్ని. డాడీ మూడు ప్రశ్నలు అడిగిండు. మూడోదాని కాడ దొరికిండు. పెండ్లి లేదు, టికెట్ లేదు.”

“ఏం ప్రశ్నలు?”

“యాడ ఎక్కినవ్, యాడ దిగుతవ్, పక్క సీట్ల ఎవరు. మొదటి రెండు అందరు బట్టీ పట్టుకొస్తరట. మూడోది ఎవ్వడు పట్టడు. అబద్ధం ఎప్పుడు ఒంటిగ ప్రయాణం చేస్తది, పక్కన ఎవడున్నడో దానికి తెల్వదు అంటడు.”

“నన్ను గూడ అడుగుతడా తమ్మీ?”

“ఇయ్యాల ఒక్క అబద్ధం దొరికినా కంప్యూటర్ క్యాన్సిల్. ముందే చెప్పిండు. ఆ పైసలు మమ్మీ ఫ్రిజ్‌కు పోతయి. నేను పుట్టకముందుకెల్లి అడుగుతుంది మా మమ్మీ.”

“మరి కార్డు ఎందుకని అడిగితె?”

“జవాబు తయారు చేసి పెట్టిన. నువ్వు తలకాయ ఊపు, చాలు. అగో, మెట్ల మీద బూట్లు. ఆయన్నే. కార్డు దాయి!”

“ఏందిరా డెన్నిస్, నేను రాంగనే చెరొక దిక్కు చూస్తున్నరు? బోగీలకు టీసీ ఎక్కినట్టు?”

“ఏం లేదు డాడీ. ఈయననే కిషనన్న.”

“నమస్తె సార్! రాండ్రి, కూసోండ్రి. ఫ్యాన్ పెంచుత. చాయ్ చెప్పాల్నా?”

“నిన్ను నేను యాడనో చూసిన సేటూ.”

“నన్నా? నేను దుకాణం ఇడిచి కదలనే కదల సార్.”

“మొఖాలు మర్వను నేను. గని నీది పూర్తిగ చూసినట్టు లేదు. ఒక కన్ను. సగం మీసం.”

“సగం మీసం నేనెప్పుడు పెట్టలె సార్.”

“పెట్టినవ్ అంటలేను. కనవడ్డది సగమే. సందులకెల్లి. యాదికొస్తది లే. గా లక్ష్మీదేవి ఎనకకెల్లి తుపాకి గొట్టం బయటికొచ్చిందేంది?”

“అదా సార్? అది… కింద ఇంకో క్యాలెండర్ ఉన్నది. మిలిట్రీది. మిలిట్రీ ప్రాజెక్ట్.”

“ఊ. సరె, సామాను తియ్యి. ఒక్కొక్కటి నా ముందట పెట్టు. ఎవరెవరు ఎక్కుతున్నరో చూడాలె. ఇదెవరు?”

“ప్రాసెసర్ సార్. కంప్యూటర్‌కు మెదడు.”

“యాడ ఎక్కుతది?”

“మదర్‌బోర్డు మీద సార్.”

“యాడ దిగుతది?”

“దిగదు సార్. కాలిపోయిందాక గాడనే.”

“పక్క సీట్ల ఎవరు?”

“ర్యామ్ సార్. ఇగో, గీ పట్టీ.”

“ప్రాసెసర్‌కు టికెట్ ఉన్నది. పక్కకు పెట్టు. గీ ర్యామ్ చేసే పనేంది?”

“బల్ల అనుకోండ్రి సార్. పని ముందటేస్కోని కూసునే బల్ల. ఎంత పెద్దగుంటె అంత హాయి.”

“సగం బల్ల చాలదా?”

“సగం బల్ల మీద లెక్కలు చేస్తె కింద పడ్తయి డాడీ.”

“నిన్నడగలె. సరె, బల్ల ఉండనియ్. గీ అన్నిటిని ఏసే డబ్బ ఏది?”

“మూడు రకాలున్నయి సార్. మీకు రాసింది గీ తెల్లది. అన్నిట్ల అగ్గువ.”

“గా మట్టిరంగుది ఎంత?”

“మట్టిరంగుదా? నా దుకాణంల మట్టిరంగుది లేదు సార్.”

“గదేంది మరి, కిటికీ కాడ?”

“అది ఎర్రది సార్.”

“డాడీ, నిప్పు లెక్క ఉన్నది గదా! మట్టి అంటవేంది?”

“నీడల ఉన్నది, గట్ల కొట్టింది. తెల్లదే ఇయ్యి. ఇంటికి కొంటవోయినంక తీగలు కలపనీకి నువ్వు రావాల్నా సేటూ?”

“అస్సలు అక్కర్లేదు సార్. రంగు చూసి రంగుల గుచ్చుడే. పచ్చ పిన్ను పచ్చ తొర్రల, గులాబి పిన్ను గులాబి తొర్రల. చిన్న పిల్లలు గూడ—”

“రంగులు నాకొద్దు. ప్రతి తీగకు చీటి కట్టి పేరు రాయి.”

“సార్, రంగు చూస్తెనే అలకగ—”

“పేరు రాయి అన్న.”

“డాడీ, నేను కలుపుత. నాకు వస్తది.”

“నువ్వు కాలేజీకి పోయినప్పుడు ఊడితె?”

“నేను లేనప్పుడు దాన్ని ముట్టుకునేటోళ్లెవరు డాడీ?”

“…తర్వాత ఎవరు సేటూ? స్పీకర్లా? గింత చిన్నగున్నయేంది, సిగ్గుపడ్తున్నట్టు? పెద్దయి పెట్టు.”

“పెద్దయెందుకు డాడీ! లెక్కలు చేసుకునేదానికి చప్పుడెందుకు? పైసలు దండుగ!”

“చర్చి పాటలు వింట. నేల అదరాలె.”

“చర్చి పాటలకు నేల అదరాల్నా?”

“అదిరితె పాపమా? పెద్దయి రాయి సేటూ.”

“సార్, పెద్ద స్పీకర్లు రాస్తె ఇంకొకటేదన్న దిగాలె. బడ్జెట్ గంతే ఉన్నది.”

“దించుదాం. మూలకు పేపర్ల చుట్టి దాసినవ్ చూడు, వాన్ని పట్టుకరా.”

“ఏది సార్?”

“చూపు తప్పించేటోడు యాడ చూస్తలేడో, టికెట్ లేనోడు గాడ ఉంటడు. వచ్చినకెల్లి మీ ఇద్దరు ఆ మూల దిక్కు ఒక్కసారి చూడలె. తియ్యి.”

“ఇది… గ్రాఫిక్స్ కార్డు సార్.”

“ఓహో. గింత చిన్నగున్నది, దీనికి సొంతంగ ఫ్యాన్ కూడ ఉన్నది! మా క్వార్టర్ల హాల్‌కే ఫ్యాన్ లేదు. ఎందుకురా ఇది?”

“నా బి.కాం.కు డాడీ. బ్యాలెన్స్ షీట్లకు గ్రాఫులు గియ్యాలె. గ్రాఫులకు గ్రాఫిక్స్ కార్డు ఉండాలె.”

“ఔనా సేటూ?”

“తలకాయ ఊపుతున్న సార్.”

“ఊపుతున్న అని చెప్తరా ఎవరన్న?”

“మీకు కనవడలేదేమో అని సార్.”

“డెన్నిస్. యాడ ఎక్కింది గీ కార్డు?”

“మదర్‌బోర్డు మీద డాడీ.”

“యాడ దిగుతది?”

“నా ఫైనల్ ఇయర్ అయినంక.”

“పక్క సీట్ల ఎవరు?”

“అంటె?”

“మీ క్లాసుల నీ పక్కన కూసునేటోనికి ఉన్నదా గిసొంటి కార్డు?”

“ఉన్నది డాడీ! సుశాంత్‌కు ఉన్నది.”

“సుశాంత్‌కా.”

“ఔ డాడీ. మొన్ననే కొన్నడు.”

“మొన్న సుశాంత్ మనింటికి ఎందుకొచ్చిండు?”

“ఊకెనే డాడీ.”

“నీ ముందట్నే గద వచ్చింది? ‘ఆంటీ, రేపు గ్రాఫులు గీసేది ఉన్నది, పెన్సిల్ ఉంటె ఇయ్యండ్రి’ అన్నడు. మీ మమ్మీ పెన్సిల్ చెక్కి మరీ ఇచ్చింది. కార్డు ఉన్నోనికి పెన్సిలెందుకురా?”

“డాడీ…”

“దొరికినవ్.”

“ఆట కోసం డాడీ.”

“ఏమన్నవ్?”

“ఆట. కిషనన్నను అనొద్దన్న, నేనే అన్న. తుపాకుల ఆట. కాలేజీ పోటీలున్నయి డాడీ. గీ కార్డు లేకుంటె నన్ను జట్టుల ఉంచరు. నీకు చెప్తె ఊకోవని గ్రాఫులన్న.”

“రూల్ ఏంది?”

“కంప్యూటర్ క్యాన్సిల్. మమ్మీకి ఫ్రిజ్.”

“సార్, జర దయ చూడండ్రి. పిలగాడు నాలుగు వారాలకెల్లి దుకాణం చుట్టు తిరుగుతుండు. కంప్యూటర్ క్యాన్సిల్ చెయ్యకుండ్రి, కార్డొక్కటి తీసేస్త. మస్తు అగ్గువైతది.”

“కార్డు ఎందుకు తీస్తవ్?”

“సార్?”

“టికెట్ లేనోన్ని దించుతం. బండికున్న ఇంజన్ ఊడదీస్తమా? కార్డు ఉండనియ్. వీన్ని దించు.”

“నన్ను దించుడేంది డాడీ?”

“కంప్యూటర్ వస్తది. కార్డుతోని సహా వస్తది. నువ్వు దాని ముందట కూసోవు. తాళమేసి చెవి నా జేబుల పెట్టుకుంట. గదే శిక్ష.”

“మరి కార్డు ఎవరికి?”

“ఇంటి లెక్కలకు.”

“ఏం లెక్కలు?”

“పాలు, పేపర్, కరెంటు బిల్లు. బొచ్చెడుంటయి.”

“పాల లెక్కకు గ్రాఫిక్స్ కార్డా! కిషనన్నా, ఎక్కడన్న విన్నవా?”

“పాలు మస్తు తెల్లగ కనవడ్తయి తమ్మీ.”

“నువ్వు ఆగన్నా. డాడీ, యాడ ఎక్కినవ్?”

“ఏందిరా?”

“కీబోర్డు అంటె ఏందో మొన్నటిదాక తెల్వదు నీకు. ‘గ్రాఫిక్స్ కార్డు’ అంటె ఎందుకని అడిగినవ్ గని ఏందని అడగలె. ఆ మాట యాడ విన్నవ్?”

“హద్దుల ఉండు డెన్నిస్.”

“అబద్ధం దొరికితె ఫ్రిజ్. రూల్ నువ్వే పెట్టినవ్. యాడ విన్నవ్?”

“…సాయన్న ఇంట్ల.”

“గూడ్స్ డ్రైవర్ సాయన్న అంకులా?”

“ఔ. వాళ్ల పిలగాడు కంప్యూటర్ కొన్నడు.”

“యాడ దిగుతవ్?”

“ఏదో ఊరు. పరాయి దేశంది. పేరు నోరు తిరగదు. గుట్టలుంటయి, మంచు పడ్తుంటది.”

“నువ్వు మంచుల దిగుడేంది డాడీ! నీ చంకల గా సంచిల ఏమున్నది?”

“టిఫిన్ డబ్బ.”

“దాని కింద?”

“సేటూ, చాయ్ అన్నవ్ గద, ఏది?”

“సార్, డబ్బ కింద సీడీ మెరుస్తున్నది సార్.”

“నువ్వు ఎవరి దిక్కు?”

“ఇప్పుడైతె నాకే సమజైతలేదు సార్.”

“చూపియ్ డాడీ. రైలింజన్ బొమ్మ… ఇది రైలు నడిపే ఆట! డాడీ, ఇది ఆట!”

“ఆట గాదు. ప్రాజెక్ట్.”

“సార్ జవాబు మన జవాబు కంటె మంచిగున్నది తమ్మీ.”

“వచ్చినంత సేపు దాన్ని ఇంట్లనే మర్చిపోయిన అనుకున్న. స్కూటర్ మీద మనసు మనసుల లేదు. సంచిల ఎప్పుడు పెట్టుకున్ననో యాదిలేదు.”

“నాకు సీదా చెప్తె అయిపోతుండె గదా?”

“ఏమని చెప్పాలె? తల నెరిసినోడు ఆటకు కంప్యూటర్ కొంటున్నడని చెప్పాల్నా? మీ మమ్మీ ఫ్రిజ్ పైసలు రైలు పట్టాల మీద పెడ్తున్ననని చెప్పాల్నా? నీ చదువు పేరు మీద ఎక్కుదామనుకున్న. సాయన్న ఇంట్ల గసొంటి కార్డు లేదురా. గుట్ట ఎక్కుతుంటె బండి ఆగుతది. బండితోని గుట్ట ఆగుతది. పడే మంచు గాలిల నిలవడ్తది. వాళ్ల పిలగాడు అన్నడు, అంకుల్, మంచి కార్డు ఉంటె మంచు ఆగకుంట పడ్తదని.”

“పెట్టి చూద్దామా సార్? చూపియ్యనీకి పెట్టిన గీ మిషన్ల గదే కార్డు ఉన్నది. స్పీకర్లు కూడ పెద్దయి.”

“ఇప్పుడా? నల్లా యాడున్నది?”

“ఎనక సార్. నల్లా ఎందుకు?”

“చేతులు కడుక్కోకుంట కంట్రోల్ ముట్టుకోవద్దు. మా నాయన గట్లనే చేసేటోడు. రెండు నిమిషాలు.”

“మీ తాత డ్రైవరా తమ్మీ?”

“ఔ అన్నా, బొగ్గింజన్లు నడిపిండు. డాడీ ఎందుకు డ్రైవర్ గాలేదో ఎన్నడు చెప్పలె.”

“ఏదైతేంది, నీ కార్డు ఇంటికి వస్తున్నది.”

“చెవి ఆయన జేబుల ఉంటదట గదా. పక్క గదిల బిర్యానీ వండి నాకు వాసన చూపిచ్చినట్టు.”

“కడుక్కున్న. జరుగురా. ఏది సేటూ, హారన్ ఏది?”

“గీ బటన్ సార్. ఒత్తండ్రి.”

“ఆహా! విన్నవా డెన్నిస్? కాళ్ల కింద నేల చూడు! స్పీకర్లు పెద్దయి ఎందుకన్ననో సమజైందా?”

“సమజైంది డాడీ.”

“చూడు మంచు. ఆగకుంట పడుతున్నది.”

“సార్, మీరు మస్తు నడుపుతున్నరు. మలుపు కాడ ఎంత మెత్తగ తగ్గించిన్రు!”

“పొయ్యిల బొగ్గు ఏసేకాడ ఆడుకోని పెరిగినోన్ని సేటూ.”

“డాడీ, సిగ్నల్.”

“చూసిన.”

“డాడీ, సిగ్నల్!”

“చూసిన అన్న గదరా!”

“ఎర్ర డాడీ! ఎర్ర ఉన్నది! బ్రేక్ కొట్టు, ఎదురుంగ బండి… అయ్యో!”

“గుద్దేసిన్రు సార్.”

“ఊ. సాయన్న ఇంట్ల కూడ గిట్లనే.”

“గంత పెద్ద ఎర్ర లైటు కనవడలేదా డాడీ?”

“లైటు కనవడ్డది.”

“మరి?”

“ఎర్ర కనవడలె.”

“…గా కిటికీ కాడి డబ్బ.”

“ఔ.”

“టమాటలు.”

“ఔ.”

“ఆదివారం నీ టై మమ్మీనే తీసి మంచం మీద పెడ్తది. ప్రేమ అనుకున్న.”

“ప్రేమనే. ఒకసారి నేనే తీస్కోని కట్టుకున్న, పాస్టర్ ప్రసంగం ఆపి చూసిండు.”

“సార్, అందుకేనా మీరు డ్రైవర్…?”

“రైల్వే దవాఖానల ఒక బుక్కు చూపిచ్చిన్రు సేటూ. పేజీ నిండ చుక్కలు. నడుమ అంకె ఉందట. నా ముందటోడు చదివిండు. నా ఎనకటోడు చదివిండు. నేను మంచిగ ఎతికిన. ఎటు చూసినా చుక్కలే. కంటి డాక్టర్ మంచోడు, ఇంకోసారి చూడు బాబూ అన్నడు. ఇంకోసారి చుక్కలే చూసిన. నాయన బయట మిఠాయి డబ్బ పట్టుకోని నిలవడ్డడు.”

“ఎన్నడు చెప్పలేదేంది డాడీ?”

“ఏం చెప్పాలె? సిగ్నల్ చూడరానోనికి టికెట్లు చూసే పని ఇచ్చిన్రు. చేసిన. దొంగలు ఏ రంగుల ఉన్నా దొరుకుతరు.”

“పక్క సీట్ల ఎవరు?”

“ఏంది?”

“మూడో ప్రశ్న డాడీ. నేను అడగనే లేదు. ఇంజన్ల డ్రైవర్ పక్క సీట్ల ఎవరుంటరు?”

“అసిస్టెంట్ ఉంటడు. సిగ్నల్ కనవడంగనే రంగు పేరు చెప్పి ఒర్రుతడు. డ్రైవర్ మల్ల గదే మాట ఒర్రుతడు. ఇద్దరి నోట్లకెల్లి ఒకటే మాట రావాలె. రూల్.”

“నీ పక్క సీట్ల ఎవరున్నరు?”

“ఎవరుంటరు? ఖాళీ.”

“కిషనన్నా, ఇంకో స్టూల్ ఉన్నదా?”

“ఇగో తమ్మీ. జర కాలు ఊగుతది, చూసి కూసో.”

“మొదటికెల్లి పెట్టు. పోనియ్ డాడీ.”

“నువ్వేం చేస్తవ్?”

“నువ్వు పోనియ్. …పచ్చ.”

“ఏందా గొణుగుడు? ఇంజన్ చప్పుడుల గది ఇనవడ్తదా? ఒర్రు.”

“పచ్చ డాడీ!”

“డాడీ గాదు. డ్యూటీల డ్రైవర్ సాబ్.”

“పచ్చ, డ్రైవర్ సాబ్!”

“పచ్చ! …చూడు సేటూ, గుట్ట ఎక్కుతున్నది.”

“మంచు కూడ పడుతున్నది సార్. ఆగలే.”

“పసుపు, డ్రైవర్ సాబ్!”

“పసుపు! తగ్గిస్తున్న.”

“ఎర్ర! ఎర్ర, డ్రైవర్ సాబ్!”

“ఎర్ర! …ఆగింది. చూసినవా? బోగీల గిలాసల చాయ్ కూడ కదలకుంట ఆగింది.”

“డాడీ, కండ్లల్ల నీళ్లేంది?”

“మీ ఫ్యాన్ గాలి. దుమ్ము. సేటూ, తుడువవా ఎన్నడు?”

“తుడుస్త సార్. మరి కార్డు రాయాల్నా?”

“రాయి. వీనికి కూడ టికెట్ రాయి. నేను డ్యూటీల ఉన్నప్పుడు వాడు ఎవర్ని కాల్చుకున్నా నాకనవసరం. నేను ఇంట్ల ఉంటె వాడు నా అసిస్టెంట్.”

“మంజూర్ డాడీ! పోటీలు అయినంక రోజంత ఒర్రుత.”

“సార్, అంత మంచిగనే ఉన్నది గని స్పీకర్ల కాడ బడ్జెట్ దాటుతున్నది. కార్డు దిగదు, పెద్ద స్పీకర్లు దిగయి. నేనేం చెయ్యాలె?”

“నువ్వు తగ్గిస్తవ్.”

“నేనెట్ల తగ్గిస్త సార్? వాటి మీద నాకు మిగిలేదే—”

“యాదికొచ్చింది.”

“ఏంది సార్?”

“శంకర్‌పల్లి దాటినంక. లెట్రిన్ తలుపు సందు. ఒక కన్ను, సగం మీసం.”

“సార్, గది…”

“నేను తలుపు కొట్టి ‘లోపట ఎవరు?’ అన్న. నువ్వు లోపటికెల్లి ఏమన్నవో చెప్పాల్నా?”

“వద్దు సార్. పిలగాని ముందట వద్దు.”

“‘ఎవ్వరు లేరు’ అన్నవ్.”

“స్పీకర్ల మీద నాకొచ్చేది ఇడిచిపెడ్తున్న సార్. చీటీలు కూడ కట్టిస్త, తీగ తీగకు.”

“అన్నా, నవ్వాగుతలేదు, ఏమనుకోకు. ఫోన్ మోగుతున్నది చూడు.”

“హలో… ఔనమ్మా, కంప్యూటర్ల దుకాణమే… ఆ, గీడనే ఉన్నరు. సార్, మీ ఇంట్లకెల్లి.”

“మాబెలా? ఈ నంబర్ మీ మమ్మీకెట్ల దొరికింది?”

“అన్న ఇచ్చిన దుకాణం విజిటింగ్ కార్డు నా చొక్కా జేబుల ఉండె డాడీ. చొక్కా పొద్దుగాల ఉతకనీకి ఏసిన.”

“తుపాకులోడు పెద్ద తెలివిమంతుడు! హారన్ మీదికెల్లి చెయ్యి తియ్‌రా! …హలో మాబెల్. ఆ, అయిపాయె. …ఏం చప్పుడు? అదా, స్టేషన్ పక్కనే గద, ఏదో బండి పోతున్నది. …కార్డు ఒకటి ఉన్నది. గ్రాఫులకు. బ్యాలెన్స్ షీట్లకు గ్రాఫులుంటయి. …ఔ, గ్రాఫులకు గ్రాఫిక్స్ కార్డు. సేటు తలకాయ ఊపుతున్నడు. …ఏంది? …నువ్వా? …ఊ. …ఊ. …అది కూడ తెల్సా? …సరె. …సరె మాబెల్. అడుగుత. పెడ్తున్న.”

“ఏమన్నది డాడీ?”

“‘సీడీ ముట్టిందా?’ అన్నది.”

“సీడీయా!”

“నేను ఇంట్ల మర్చిపోయింది నిజమేనట. టీవీ మీదున్నది చూసి ఆమెనే టిఫిన్ డబ్బ కింద పెట్టిందట. నీ తుపాకుల ముచ్చట కూడ ఎరికనే. పెన్సిల్ తీస్కపోయేటప్పుడు సుశాంత్ కక్కిండట.”

“మరి అన్ని తెల్సుండి గ్రాఫుల గురించి అడుగుడేంది?”

“నా పక్క సీట్ల ఎవరో చూసింది. నేను సేటును చూపిచ్చిన. దొరికిన.”

“కోపం చేసిందా?”

“లేదు. ‘పిలగాన్ని పక్కన కూసోబెట్టుకోని నడుపు, నీకు ఎర్ర కనవడది’ అన్నది. మనిద్దరికి టికెట్ లేదని ఆమెకు ప్లాట్‌ఫారం మీదనే తెల్సురా.”

“ఫైన్ ఏసిందా డాడీ?”

“ఏసింది. ఇద్దరికి కలిపి. వాయిదాల మీద కట్టాలె.”

“ఏంది?”

“డబల్ డోర్ ఫ్రిజ్. ఎర్రదే కావాల్నట. అందుకే కొననీకి నిన్ను ఎంబడి తీస్కపొమ్మన్నది.”